గంజి అతుకు

ఖాళీ గుడ్డ ఊపిరి తీయడం ఎక్కడైనా చూశారా? నిదానం చూసింది. చీకట్లోనూ కాదు, కల్లోనూ కాదు. పట్టపగలు, భోజనాలయ్యాక, మగ్గాల గోల మధ్య నిలబడి తన రెండు కళ్ళతో చూసింది.

బల్లమీద చేతిరుమాలంత ముక్క ఒకటి పరిచి ఉంది. దానిమీద పసిపిల్ల లేదు, పిల్లబొమ్మ లేదు, కనీసం ఎవరి చెయ్యీ లేదు. ముక్క అంచునుంచి రెండు తీగలు పక్కనున్న పెట్టెలోకి వెళ్తున్నాయి. పెట్టెకున్న చిన్న తెరమీద పచ్చటి గీత మాత్రం నింపాదిగా లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. కడుపునిండా పాలు తాగి పడుకున్న బిడ్డ గుండెలు ఎలా లేచి పడతాయో అచ్చం అలాగే.

"చూశారా ఆంటీ, దెయ్యం పట్టిన గుడ్డ!" అంది మీటరమ్మ నవ్వుతూ.

నిదానం నవ్వలేదు. ఆ ముక్క ఎవరిదో ఆమెకి తెలుసు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

ఆ భయం అర్థం కావాలంటే ముందు నిదానం ఎవరో తెలియాలి. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ నేతశాలలో అది ఎవరికీ గుర్తులేదు. కొత్తలో మేస్త్రి "ఏంటమ్మా, మగ్గం నేస్తున్నావా, జోల పాడుతున్నావా?" అని కసిరితే, తలెత్తకుండా "నిదానమే ప్రధానం" అంది. అంతే, ఆ రోజునుంచి నిదానమే ఖాయమైపోయింది. పేరుకి తగ్గ మనిషే. అన్నం తినడం నిదానం, మెట్లెక్కడం నిదానం, కోపం రావడం మరీ నిదానం. కానీ ఆమె నేసిన గుడ్డలో తప్పు పట్టాలంటే పుట్టించినవాడు దిగిరావాల్సిందే అనేవాళ్ళు పక్క మగ్గాలవాళ్ళు.

పాత భవనంలో పై అంతస్తు ఆ నేతశాల. ఒకప్పుడు అక్కడ తువ్వాళ్ళు, దుప్పట్లు నేసేవాళ్ళు. తర్వాత తువ్వాలు కొనేవాడే కరువైపోయాడు. మగ్గాలు మూలపడతాయని అందరూ బెంగపడుతున్న సమయంలో మేస్త్రి ఎక్కడెక్కడో తిరిగి కొత్త పని తెచ్చాడు. ప్రతి మగ్గం నెత్తిమీదా ఒక కంప్యూటర్ పెట్టె బిగించారు. ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో ఆ పెట్టె చెప్తుంది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె మాత్రం మనిషే విసరాలి. "ఏముంది వదినా, కాపురంలాంటిదే. హుకుం వాళ్ళది, చాకిరీ మనది" అంది పక్క మగ్గం గలగల. గలగల పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నిద్రలో తప్ప ఆ నోటికి మూత ఉండదు, నిద్రలో కూడా అనుమానమేనని ఆమె మొగుడంటాడు.

వాళ్ళిప్పుడు నేసేవి ఊపిరి గుడ్డలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కింద పరిచేవి. చూడ్డానికి మామూలు నూలు పక్కగుడ్డే. కానీ దాని మధ్యలో వెండిపూత పూసిన సన్నటి పోగు ఒకటి ఈ చివరినుంచి ఆ చివరికి మెలికలు తిరుగుతూ పోతుంది. పిల్ల ఊపిరి తీస్తే ఆ పోగు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన సంగతి పెట్టె పసిగట్టి గీత గీస్తుంది. ఊపిరి ఆగిందా, గీత ఆగిపోతుంది, పెట్టె ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. ఆస్పత్రివాళ్ళు పిల్లల్ని ఇంటికి పంపేటప్పుడు గుడ్డా పెట్టే కలిపి ఇచ్చి పంపుతారు.

ఆ పని నేర్పడానికొచ్చిన ఇంజనీరు పిల్లే మీటరమ్మ. మెడలో మీటరు వేలాడేసుకుని తిరుగుతుంది కాబట్టి గలగల పెట్టిన పేరది. వచ్చిన మొదటిరోజే అందర్నీ నిలబెట్టి ఒక్కటే మాట చెప్పింది.

"నూలుపోగు తెగితే మీ ఇష్టం, ముడేసుకోండి. వెండిపోగు తెగితే మాత్రం అతకొద్దు. ఆ గుడ్డ కోసి పక్కన పడేయండి. ఎంత నేసినా సరే, పడేయండి."

అందరూ తలూపారు. నిదానం కూడా ఊపింది. కానీ ఆ మాట ఆమెకి మింగుడుపడలేదు. తెగిన పోగును పారేయడమా! అలా పారేసే ఇంటి కోడలు కాదు ఆమె. చనిపోయిన అత్తగారు మగ్గం ముందు కూర్చోబెట్టి నేర్పిన మొదటి విద్యే అతుకు. ముడి వేస్తే ఒప్పుకునేది కాదు ఆవిడ. "ముడి కనబడిందంటే నేతకి తలవంపులే. పోగు తెగడం నీ తప్పు కాదు, తెగినట్టు తెలియడం నీ తప్పు" అనేది. రెండు కొసలూ పీచు పీచుగా విడదీసి, ఒకదానిలోకి ఒకటి దువ్వి, చిక్కటి గంజి చుక్క అద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి ఆరబెడితే ఆ పోగు ఎక్కడ తెగిందో తెగిన పోగుకే తెలియదు. కంటికి కనబడదు, వేలికి దొరకదు. దాన్ని పట్టాలంటే గుడ్డను కింది పెదవికి ఆనించి లాగాలి. "నేతగాళ్ళ వేళ్ళు కాయలు కాస్తాయే, పెదవి కాయదు" అని అత్తగారు తన పెదవి తట్టి చూపించేది.

ఒకరోజు నిదానం మగ్గంమీద ఒక ఊపిరి గుడ్డ కొసకొచ్చేసింది. ఇంకో బెత్తెడు నేస్తే అయిపోతుందనగా వెండిపోగు తెగింది. పడేయమన్నారు. ఎలా పడేస్తుంది? అంత నేసి, అంత నున్నగా నేసి, పెదవిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేస్తారా ఎవరైనా? ముందు నమూనా కోసం నేసిన చిన్న ముక్కలో వెండిపోగును తనే తెంపి, గంజి అతుకు వేసి చూసుకుంది. నిలబడింది. అప్పుడు అసలు గుడ్డలో వేసింది. మీటరమ్మ ముందు పెడితే మీటరు కిచకిచమని పిట్టలా కూసింది. "సూపర్ ఆంటీ" అని ముద్ర కొట్టేసింది మీటరమ్మ. నిదానం లోపల్లోపల మురిసిపోయింది. వెండైనా, రాగైనా, పోగు పోగే, అత్తగారి విద్య ముందు ఏదైనా తలొంచాల్సిందే అనుకుంది.

గలగల కళ్ళు ఊరుకుంటాయా? "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! అతికావు కదూ? నేను చూశా. ఎలా అతికావో చెప్పవా వదినా" అని టీ తాగేచోట కొంగు పట్టుకుంది. నిదానం అటూ ఇటూ చూసి, గ్లాసు పక్కన పెట్టి, దారం ముక్కతో చేసి చూపించింది. మనకొచ్చిన విద్య ఎదుటివాళ్ళు అడిగితే ఎవరికి మాత్రం ముద్దుగా ఉండదు?

ఇదంతా ఇలా ఉండగా నిదానం కూతురికి నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. ఎంత చిన్నదంటే, తాతమ్మల కాలంలో అయితే బతికి బట్టకడుతుందని ఎవరూ అనేవాళ్ళు కాదు. పిడికెడంత ఉందని 'పిడికెడు' అనే పిలుస్తున్నారు. ఆస్పత్రిలో గాజుపెట్టెలో కొన్నాళ్ళుంచి, కాస్త బరువెక్కాక ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది: "ఇలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఊపిరి తీయడం మర్చిపోతారు. కంగారుపడకండి. అరికాలిమీద వేలితో గట్టిగా మీటండి, గుర్తొస్తుంది."

కంగారుపడకండిట! చెప్పేవాళ్ళకేం, చెప్తారు. ఆ మాట విన్ననాటినుంచి కూతురి కంటిమీద కునుకు లేదు. ఉయ్యాల పక్కనే కూర్చుని పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూడటం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఆస్పత్రివాళ్ళ దగ్గర ఊపిరి గుడ్డలు నిండుకున్నాయి, వచ్చాక ఇస్తామన్నారు. ఈలోగా కూతురు మనిషి కాకుండా పోతోంది. ఒకరోజు తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టి పాలగిన్నె సంచిలో వేసుకుని బయల్దేరబోయింది. అది చూసి నిదానం మర్నాడే మేస్త్రి దగ్గరికెళ్ళి ఒక ఊపిరి గుడ్డ అడిగింది.

"నీ మనవరాలికి కాకపోతే ఎవరికమ్మా? ముద్ర పడ్డవాటిలోంచి నీకు నచ్చింది తీసుకో, పెట్టె కూడా పట్టుకెళ్ళు" అన్నాడు మేస్త్రి.

నచ్చింది తీసుకోమన్నాడు. నిదానం ఆ దొంతరంతా తిరగేసి, పెదవితో తడిమి, ఏది తీసుకుందో తెలుసా? అతికిందే తీసుకుంది. తన చేతిలో అంతకంటే గొప్పగా వచ్చిన గుడ్డ ఇంకోటి లేదని ఆమె నమ్మకం. పట్టుకెళ్ళి పిడికెడు కింద పరిచి, కూతురి తల నిమిరి, "ఇక హాయిగా పడుకో తల్లీ. నా చేతి గుడ్డ కాపలా ఉంటుంది" అంది. పచ్చగీత అలా లేచి పడుతుంటే చూస్తూ చూస్తూ కూతురు గోడకానుకుని అలాగే నిద్రపోయింది. ఎన్నాళ్ళకో పడ్డ ఆ నిద్ర చూసి నిదానం ఏడ్చింది కూడా.

అదీ సంగతి. ఇప్పుడు మళ్ళీ బల్ల దగ్గరికి రండి.

"ఎన్ని ఉతుకులు ఆగుతాయో చూద్దామని నమూనా ముక్కలన్నీ మిషన్‌లో వేశా ఆంటీ. మిగతావి బాగానే ఉన్నాయి. ఇదొక్కటే ఇలా..." అంటూ మీటరమ్మ భూతద్దం తీసి, సూదితో గుడ్డను కెలికింది. "ఆగండాగండి. ఇక్కడ పోగు తెగి ఉంది. ఎవరో అతికారు. ఏదో జిగురు పెట్టారు, ఉతికేసరికి కరిగిపోయింది. కొసలు రెండూ విడిపోయి పక్కపక్కన పడున్నాయి."

"మరి... గీత ఎందుకు ఆడుతోంది?" అని అడిగింది నిదానం.

"అదే కదా! ఫ్యాన్ చూడండి." గోడవార బల్లమీద పాత ఫ్యాను తల అటు తిప్పి ఇటు తిప్పి విసురుతోంది. అది ఇటు తిరిగినప్పుడల్లా గీత లేస్తోంది. అటు తిరగ్గానే పడుతోంది. "గాలి తగిలినప్పుడల్లా ఈ కొసలు ఒరుసుకుంటున్నాయి. పెట్టె దాన్నే ఊపిరనుకుంటోంది. అమ్మో, ఇలాంటిది పిల్ల కింద ఉంటే, పిల్లకి ఊపిరి ఆగినా ఇది మోగదు. ఇది ఎవరి ముక్క?"

ఆ ప్రశ్న మగ్గాల చప్పుడులో సగంమందికి వినబడనే లేదు.

నిదానం చెవుల్లో మాత్రం పొద్దున కూతురు ఫోన్లో అన్న మాటలు గింగురుమంటున్నాయి. "నిన్న పిడికెడు పక్క తడిపేసిందమ్మా. గుడ్డ ఉతికి ఎండలో వేశా. ఇవాళ మళ్ళీ వేసేశా, బాగానే పనిచేస్తోంది. మధ్యాహ్నం నేనూ ఓ కునుకు తీస్తా."

ఉతికింది. ఉతికి వేసింది. బాగానే పనిచేస్తోంది.

ముక్క నాదేనని అక్కడే చెప్పొచ్చుగా అని మీరనొచ్చు. ఒడ్డున కూర్చుని ఎన్నైనా అంటాం. ఆ క్షణాన ఆమెకి మీటరమ్మ కనబడలేదు, మేస్త్రి గుర్తుకురాలేదు. పిడికెడు మొహం ఒక్కటే కళ్ళముందు. పైగా తప్పు చేసినవాళ్ళకి నోరు మూతపడినంత తొందరగా ఇంకేదీ మూతపడదు. సంచి కూడా సగమే భుజాన వేసుకుని మెట్లవైపు నడిచింది. "వదినా, ఒంట్లో బాగాలేదా?" అని గలగల వెనకనుంచి అరుస్తున్నా తిరిగి చూడలేదు.

మెట్లమీదే ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడంలేదు. మళ్ళీ చేసింది. ఎత్తడంలేదు. ఎందుకెత్తుతుంది? "పిల్ల పడుకున్నప్పుడు ఫోన్ నోరు నొక్కేసి నువ్వూ పడుకో" అని సలహా ఇచ్చిన మహాతల్లి తనేగా! అల్లుడికి చేసింది. వాడు పనిచేసేచోట ఫోన్లు బయట అరలో పెట్టి తాళం వేసుకోవాలి. సాయంత్రందాకా వాడికి లోకం పుట్టినా తెలియదు, గిట్టినా తెలియదు. పక్కింటివాళ్ళ నంబరు తీసుకోవాలని ఎన్నిసార్లు అనుకుంది! అనుకోవడమే, తీసుకున్నది లేదు.

బస్సు దొరికింది. దొరికిందని సంతోషించేలోపే కూడలి దగ్గర ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగింది. డ్రైవరు ఇంజను ఆపేసి మెడ నొక్కుకుంటున్నాడు. నిదానం కిటికీలోంచి చూసింది, సీట్లోంచి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది.

"బాబూ, తలుపు తియ్యి. దిగిపోతా."

"ఇక్కడ దిగకూడదమ్మా. కాస్త నిదానంగా ఉండండి" అన్నాడతను.

ఆ మాటకి ఆమెకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు చించుకుని అరిచింది. "తియ్యమంటే తియ్యవయ్యా! అక్కడ పసిప్రాణం పోతోంది!" బస్సంతా ఉలిక్కిపడింది. డ్రైవరు మారు మాట్లాడకుండా తలుపు తీశాడు.

తన నోటితో తనే అన్న ఆ మాట విని ఆమె ఇంకా భయపడింది. పోతోందని ఎందుకన్నాను, నా నోరు పడిపోను, అనుకుంటూ పరుగెత్తింది. అవును, నిదానం పరుగెత్తింది. చూడటానికి నేతశాలవాళ్ళెవరూ అక్కడ లేరు కానీ, చూసినా నమ్మేవాళ్ళు కాదు. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. చెప్పు తెగింది, రెండోది కూడా విదిలించి వదిలేసింది. రోడ్డు కాలుతోంది. పళ్ళబండివాడు "ఏంటి మామ్మా, పరుగుపందెమా?" అని నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు మానేసి బండి పక్కకి లాగాడు.

తొందరగా చేరితే చాలు, ఏమీ అయ్యుండదు, పిల్ల హాయిగా పడుకుని ఉంటుంది. కూతురు లేచి పాలు పడుతూ ఉంటుంది. ఎందుకొచ్చావమ్మా ఇలా చెమటలు కక్కుతూ అని తిడుతుంది. తిట్టనీ, ఎంత తిట్టినా పడతా. అలా అనుకునేలోపే ఆ పచ్చగీత మళ్ళీ కళ్ళముందుకొస్తోంది. ఎవరూ లేకుండానే లేచి పడే గీత. ఎంత నింపాదిగా లేస్తుంది! నమ్మించేవాళ్ళకి తొందరుండదు.

కూతురి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్ట్ ఎక్కడో పైన ఆగి ఎంత నొక్కినా దిగడంలేదు. మెట్లెక్కింది. గంట నొక్కింది, మోగలేదు. పిల్ల ఉలిక్కిపడుతుందని గంట తీగ కూతురే పీకేసింది. అరచేతులతో తలుపు బాదింది. లోపల అలికిడి లేదు. ఎన్నాళ్ళ నిద్ర బాకీనో, ఏనుగులొచ్చి తొక్కినా లేవదది. తాళంచెవి! ఇంకో తాళంచెవి తన సంచిలోనే ఉంది కదా. సంచి గుమ్మంముందు బోర్లించింది. నూలు కండెలు దొర్లాయి, కత్తెర పడింది, దువ్వెన, మాత్రలు, అడుగున తాళంచెవి. అది కన్నంలోకి దూరదే! మగ్గం అచ్చులోని కంటికానని సందుల్లోంచి పడుగుపోగులు లాగే చేతులు, ఇంతలావు తాళంచెవిని కన్నంలో పెట్టలేకపోయాయి. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని దూర్చింది.

లోపల కర్టెన్లు దించి ఉన్నాయి. చల్లగా ఉంది. మంచంమీద కూతురు నోరు తెరుచుకుని, ఒక చెయ్యి కిందకి వేలాడేసి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఉయ్యాలలో పిడికెడు. ఉయ్యాల కొయ్యకి కట్టిన పెట్టె తెరమీద పచ్చగీత లేస్తోంది, పడుతోంది.

నిదానం ప్రాణం లేచొచ్చింది. ఊపిరి తీస్తోంది. చూడు, తీస్తోంది. ఒట్టి పిచ్చిదాన్ని, ఊరంతా పరుగులు పెట్టాను, అని గోడకి చేరబడబోయింది.

అప్పుడు చల్లటి గాలి చెంపకి తగిలింది. మూల స్టూలుమీద ఫ్యాను తల తిప్పుతోంది. ఇటు తిరిగింది, గీత లేచింది. అటు తిరిగింది, గీత పడింది. మళ్ళీ ఇటు తిరిగింది.

నిదానం ఉయ్యాలమీదకి వంగింది. పిల్ల మొహం పక్కకి తిరిగి ఉంది. పెదాల చుట్టూ నీలిమందు నీళ్ళు అద్దినట్టుంది. రొమ్ము కదులుతోందో, ఫ్యాను గాలికి చొక్కా కదులుతోందో తెలియడంలేదు. ముక్కు కింద వేలు పెట్టింది. ఏమీ తగల్లేదు. వేలు మార్చింది. ఏమీ తగల్లేదు. ఎలా తగులుతుంది? ఇన్నేళ్ళూ నాడెకీ పోగుకీ ఒరిసి ఒరిసి ఆ వేళ్ళ కొసలు కొమ్ములా గట్టిపడిపోయాయి. నిప్పు ముట్టుకున్నా ఆలస్యంగా తెలిసే వేళ్ళవి, పిడికెడంత పిల్ల ఊపిరి వాటికేం తెలుస్తుంది!

ఆమె మోకాళ్ళమీద కూలబడి, మొహం ఉయ్యాలలో పెట్టి, కింది పెదవిని ఆ చిన్ని ముక్కుకి ఆనించింది. తన ఊపిరి తగలకుండా తన ఊపిరే బిగబట్టుకుంది.

గాలి లేదు.

పైనుంచి ఫ్యాను ఇటు తిరిగింది. గీత లేచింది.

గాలి లేదు.

దుప్పట్లోంచి కాలు లాగి అరికాలిమీద మీటింది. కాలు మెత్తగా ఉంది, కదల్లేదు. మళ్ళీ మీటింది. "గుర్తుతెచ్చుకోవే తల్లీ, గుర్తుతెచ్చుకో, నా తల్లి కదూ" అంటూ ఇంకా గట్టిగా, గోరు దిగేలా మీటింది. పిల్ల ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి ముందు ఏ శబ్దమూ రాలేదు. తర్వాత ఒక సన్నటి ఈల. ఆ తర్వాత ఏడుపు. పిల్లిపిల్ల అరిచినట్టు, అంతకంతకీ పెద్దదవుతూ, కోపంగా. పెదాల చుట్టూ నీలం కరిగి ఎరుపు పాకింది.

ఆమె పిల్లను ఎత్తి భుజాన వేసుకుని నేలమీదే కూర్చుండిపోయింది. పిల్ల ఏడుస్తున్నకొద్దీ "ఏడు, ఏడు తల్లీ, బాగా ఏడు" అంటోంది.

కూతురు దిగ్గున లేచి కూర్చుంది. "ఏంటమ్మా! నువ్వెప్పుడొచ్చావు? ఎందుకలా ఏడుస్తోంది? మిషన్ మోగలేదే..."

ఆ మాట అంటూ పెట్టెవైపు చూసింది. ఉయ్యాల ఖాళీ. తెరమీద పచ్చగీత నింపాదిగా లేస్తోంది, పడుతోంది. కూతురు గీతని చూసింది, అమ్మ భుజంమీద పిల్లని చూసింది, మళ్ళీ గీతని చూసింది.

"అమ్మా. అది ఎవరి ఊపిరి?"

నిదానం చెప్పింది. తెగిన పోగు, గంజి అతుకు, ఉతుకు, ఫ్యాను, అన్నీ. చెప్పడం కూడా ముక్కలు ముక్కలుగానే వచ్చింది. కూతురు వచ్చి పిల్లను లాక్కుంది. లాక్కుందనే చెప్పాలి. గుండెకి అదుముకుని, గోడవారకి జరిగి నిలబడింది.

"దీన్ని నమ్మి పడుకున్నానమ్మా. నువ్వు పడుకోమన్నావని పడుకున్నా."

"అవునే."

"వద్దన్నారని తెలుసు. అతికావని తెలుసు. తెలిసే నా పిల్లకిచ్చావా?"

"మంచిదని ఇచ్చానే. అన్నిట్లోకీ అదే మంచిదని ఏరి తెచ్చాను." నిదానం ఒళ్ళో రెండు చేతులూ వెల్లకిలా పడున్నాయి.

పిల్ల వెక్కిళ్ళు తగ్గి, తల్లి మెడ వంపులో మొహం దాచుకుంది. కూతురు అరచెయ్యి ఆ చిన్న వీపుమీదే ఉంది. ఊపిరి లెక్కపెట్టుకుంటోంది కాబోలు. ఇక కూతురు పడుకోదు, ఎన్ని మిషన్లు తెచ్చి పెట్టినా పడుకోదు. అది నిదానానికి తెలిసిపోయింది. ఒంటిచేత్తో వెళ్ళి పెట్టె ప్లగ్గు పీకేసింది కూతురు. గీత ఆరిపోయింది.

"ఇదొక్కటేనా అమ్మా?"

"ఒక్కటేనే. నేను అతికింది ఇదొక్క..."

గలగల గుర్తొచ్చింది. ఓసి నీ ఇల్లు బంగారంగానూ. టీ గ్లాసు పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, దారం ముక్కతో. గలగలకి చెప్పాక ఊరికి చాటింపు వేరే ఎందుకు? ఆ వారంనుంచి నేతశాలలో వెండిపోగు తెగిందని ఒక్క గుడ్డా కోసి పక్కన పడేసింది లేదు. మేస్త్రి మురిసిపోయి, "చేతులు తిరిగాయమ్మా మీకు" అన్నాడు కూడా. ఆ గుడ్డలన్నీ ముద్ర పడి ఆస్పత్రికి వెళ్ళాయి. అక్కడినుంచి ఏ ఇంటికో, ఏ ఉయ్యాలలోకో. తడుపుతారు, ఉతుకుతారు, మళ్ళీ వేస్తారు. బాగానే పనిచేస్తోందనుకుని పక్కనే కునుకు తీస్తారు.

ఫోన్ తీసింది. అంకెలు తప్పు నొక్కుతుంటే కూతురే వచ్చి నంబరు నొక్కి ఆమె చెవికి ఆనించింది.

"ఆంటీ! చెప్పకుండా ఎక్కడికెళ్ళిపోయారు? ఇక్కడ ఆ ముక్క ఎవరిదో..."

"నాదే. ఆ ముక్క నాదేనమ్మా. అతికింది నేనే, అందరికీ నేర్పిందీ నేనే. చిన్నదానా, ముందు ఆ మగ్గాలు ఆపించు. గట్టిగా వినబడేలా పెట్టు."

ఫోన్లో నాడెల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అంతా సద్దుమణిగాక గలగల గొంతు వినబడింది. ఆ గొంతులో గలగల లేదు.

"వదినా... నావి కూడానా?"

"నీవి కూడానే."

ఎవరో "అయ్యో నా తల్లో" అన్నారు. ఇంకెవరో ఏడుపు మొదలుపెట్టారు. మీటరమ్మ గొంతు పెంచింది. "ఎన్ని అతికారు? ఏ గుడ్డలు? ఆంటీ, అతుకు ఎలా ఉంటుందో చెప్పండి, ఆస్పత్రివాళ్ళకి చెప్తా, చూసి ఏరి పక్కన పెడతారు."

"కనబడదమ్మా. కనబడకూడదనే అతికాం. వాళ్ళు ఏరలేరు, మేం పెదవితో ఒక్కొక్కటీ పట్టేదాకా ఆగే టైమూ లేదు." నిదానం లేచి నిలబడింది. ఫోన్ ఇప్పుడు తన చేత్తోనే పట్టుకుంది. "అన్నీ వెనక్కి తెప్పించు, ఒక్కటి కూడా ఉంచకు. అది తర్వాత. ముందు ఆ తల్లులకి ఫోన్లు చేయించు. పెట్టె ఏం చెప్పినా నమ్మొద్దని చెప్పు. నిద్రపోతుంటే లేపు. పిల్లల్ని ఎత్తుకోమను తల్లీ, ముందు పిల్లల్ని ఎత్తుకోమను."